కువైట్ పెళ్ళికొడుకు

"దాని పేరు చెప్పమ్మా," అంది ఇన్సాఫ్. "ఒక్కసారి నీ నోటితో చెప్పు."

తల్లి తఫీదా చెప్పలేదు. కుర్చీ చెక్కని వేళ్ళతో తట్టి, "దేవుడు దాన్ని మన గుమ్మానికి దూరంగా ఉంచాలి," అని గొణిగింది. ఆ జబ్బు పేరు పలికితే అది విని లోపలికొస్తుందని ఈజిప్టులోని మా దుమ్యాత్ ఊరి ఆడవాళ్ళందరికీ నమ్మకం. ఏడాదికి పైగా కూతురి కాలేయంలో కాపరం పెట్టి, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన జబ్బు దగ్గర ఇప్పుడు ఈ మర్యాద ఏమిటో ఆవిడకే తెలియాలి.

ఆసుపత్రి నుంచి వచ్చి చాలాసేపైంది. ఇన్సాఫ్ ఇంకా తలగుడ్డ విప్పలేదు. పరాయివాళ్ళింటికి పనిమీద వచ్చినదానిలా కుర్చీ అంచున కూర్చుంది. తల్లి తెచ్చిన టీ ముందు చల్లారిపోతోంది. మొగుడు రిఫాత్ కిటికీ దగ్గర నిలబడి, ఎదురుగా ఉన్న వడ్రంగి దుకాణాలని ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నాడు. చెల్లెలు సుహైర్ వంటింట్లోంచి బయటికే రాలేదు.

పొద్దున జరిగింది ఇంతే. పెద్దాసుపత్రిలో వాళ్ళకి అలవాటైన ముసలి డాక్టరు సెలవు పెట్టాడు. ఆయన కుర్చీలో కూర్చున్న కుర్ర డాక్టరుకి ఈ ఇంటి ఏర్పాట్లు తెలియవు. కొత్త ఫిల్ము చూశాడు, పాత ఫిల్ము పక్కన పెట్టి మళ్ళీ చూశాడు, లేచి నిలబడి ఇన్సాఫ్‌కి శుభాకాంక్షలు చెప్పాడు. కాలేయంలో నారింజకాయంత ఉన్న కాన్సరు గడ్డ మాయమైందన్నాడు. మందు పడకుండా, కత్తి పడకుండా ఇలా పోవడం పుస్తకాల్లో చదివాడు గాని కళ్ళతో చూడటం ఇదే మొదలట. చలికాలంలో వచ్చిన ఆ పెద్ద జ్వరం ఏమైనా చేసిందేమో తనకి తెలియదట, గట్టిగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరట.

ఇన్సాఫ్ అతని మాటల్లో ఒక్కదాని దగ్గరే ఆగిపోయింది. ఆమెకి తెలిసినంతవరకూ తన కాలేయం మీద ఉన్నది చీముగడ్డ. దానికి తేనె, మెంతుల కషాయం, విశ్రాంతి చాలని ఇంట్లో అందరూ చెప్పారు.

"మీకందరికీ తెలుసు," అంది తల్లితో. "నాకు తప్ప."

"చెబితే ఏమయ్యేది? రోగికి చెబితే రోగం కన్నా ముందు బెంగే మింగేస్తుంది. మనలో ఎవరు చెబుతారు? మీ నాన్నకి నువ్వు చెప్పావా?"

ఆ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. తండ్రి పోయేరోజు దాకా అది వట్టి వెన్నునొప్పేనని నమ్మించింది ఇన్సాఫే. ఆయన వీపుకి నూనె రాస్తూ, వేసవికల్లా రస్ ఎల్‌బర్ సముద్రానికి తీసుకెళ్తానని మాటిచ్చింది కూడా. అది ప్రేమే. కాదనడానికి లేదు. అదే ప్రేమ తిరిగి తన మీదికి వస్తే ఇలా ఉంటుందని అప్పుడు తెలియదు.

ఆ తర్వాత ఆపరేషన్ సంగతి అడిగింది. నిరుడు ముసలి డాక్టరు ఆపరేషన్ చేద్దామంటే ఇంటివాళ్ళే వద్దన్నారని కూడా ఆ కుర్రవాడు ఆశ్చర్యపోతూ చెప్పేశాడు.

ఈసారి రిఫాత్ ఇటు తిరిగాడు. "సగానికి సగం మంది బల్ల మీదే పోతారన్నాడు, ఇన్సాఫ్."

"మిగతా సగం బతుకుతారనేగా. నేను ఏ సగంలో ఉంటానో చూసుకోవాలో వద్దో నన్నడగాలి కదా. కడుపు నాదే కదా."

"చేయించి ఉంటే పోయేదానివి," అంది తఫీదా. "చేయించలేదు కాబట్టే నా ఎదురుగా కూర్చుని నన్ను నిలదీస్తున్నావు."

పేకాటలో గెలిచినవాడు తన తెలివి గురించి చెప్పుకుంటే పక్కవాళ్ళు ఏమంటారు?

ఇంతలో మెట్ల మీద జఘారీత్ మోగింది. నాలుక ఆడిస్తూ పెళ్ళిళ్ళలో పెట్టే ఆ కేక ఉమ్ హానీ గొంతుతో వస్తే వీధి చివర మసీదు దాకా వినిపిస్తుంది. కింది వాటాలో ఉండే ఈ ఉమ్ హానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ వెనకాల మరో నలుగురు ఆడవాళ్ళు. ఒకావిడ, తను ఇచ్చిన నల్లజీలకర్ర తేనే గడ్డని కరిగించిందంది. ఇంకొకావిడ, అరీష్ నుంచి తెప్పించిన ఒంటె పాలని మరిచిపోవద్దంది. తఫీదా ఊరుకుంటుందా? పుణ్యపురుషుడైన వలీ సమాధి దగ్గర దూడని మొక్కుకున్నది తను. పోయిన గడ్డ ఒక్కటే గాని దాన్ని పోగొట్టినవాళ్ళు మెట్ల నిండా ఉన్నారు.

నవ్వకూడదనుకుంటూనే ఇన్సాఫ్ నవ్వేసింది. ఆ నవ్వుతోనే, పొద్దుటి నుంచి కోపం చాటున నిలబడిపోయిన సంగతి ఆమెకి తట్టింది. తను బతికింది. కొడుకు బాసిల్‌కి మీసం వచ్చేదాకా చూస్తుంది. కూతురు నదాకి జడలు తనే వేస్తుంది. సంతోషం ఒక్కసారిగా వచ్చి మీద పడింది. తలగుడ్డ విప్పి పక్కన పెట్టింది. చల్లారిపోయిన టీ తాగేసింది. తల్లి చెయ్యి దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది.

"సరేలే. ప్రేమ కొద్దీ దాచారు," అంది. "ఇక మీదట నా దగ్గర ఏదీ దాచకండి. అంతే."

తఫీదా కళ్ళు తుడుచుకుంది. రిఫాత్ మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

"నువ్వు లేచి తిరుగుతున్నావు, ఇక చెల్లెల్ని కూడా పంపించెయ్యి," అంది ఉమ్ హానీ వెళ్ళబోతూ. "ఆ కువైట్ పెళ్ళికొడుకు ఎన్నాళ్ళు నాన్చుతాడు? పెళ్ళిమాట ఖాయం చేస్తూ ఫాతిహా చదివి ఏడాది దాటింది. ఒక క్యాసెట్టులోనైనా గొంతు పంపించాడా? మా హానీ సౌదీ నుంచి నెలనెలా దగ్గు కూడా రికార్డు చేసి పంపిస్తాడు."

"నిజమే, పాపం," అంది ఇన్సాఫ్. "నా జబ్బు వంకతో దాని పెళ్ళి వెనకపడింది. బక్రీద్ లోపల కానిచ్చేద్దాం. రేపే మాట్లాడతాను."

వంటింట్లో ఏదో పళ్ళెం కిందపడి చాలాసేపు దొర్లింది.

తఫీదా వంటింట్లోకి వచ్చేసరికి సుహైర్ పొయ్యి ముందు నిలబడి ఉంది. కుండలో ఉల్లిపాయలు కూరిన బాతు ఉడుకుతోంది. తఫీదా తలుపు దగ్గరగా వేసింది.

"చంపేద్దాం వాణ్ణి," అంది గుసగుసగా. "అక్కడే ఎవర్నో కట్టుకున్నాడని చెబుదాం. నాలుగు తిట్లు తిట్టుకుందాం. అయిపోతుంది."

చంపడానికి అతనేమీ ఇబ్బంది పెట్టే మనిషి కాదు. కువైట్‌లో ఇంజినీరు, రిఫాత్‌కి చిన్ననాటి స్నేహితుడు, పేరు మమ్దూహ్. తఫీదా కన్న ముగ్గురు బిడ్డల్లో అతను ఒకడు. మిగతా ఇద్దరూ కడుపున పుట్టారు, ఇతను బుర్రలో పుట్టాడు.

ఇన్సాఫ్ వచ్చే రంజాన్ చూడదని ముసలి డాక్టరు అన్ననాడు తఫీదా గోడకి తల కొట్టుకుని ఏడ్చింది. మర్నాడు కళ్ళు తుడుచుకుని ఆలోచించడం మొదలుపెట్టింది. రిఫాత్ మంచివాడు, చెక్క మీద గులాబీ చెక్కితే వాసన చూడబుద్ధేసే పనివాడు. అయినా మగవాడు. ఏడాది తిరక్కుండా ఎవర్నో తెస్తాడు. ఆ వచ్చేది పసివాళ్ళని కొడుతుందో, మాడుస్తుందో? అదే సుహైర్ అయితే పిన్ని తల్లిలాంటిదే కదా. కానీ సుహైర్‌ని అడగడానికి ఒక బడిపంతులు అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. మూడోసారి వస్తే పిల్ల అవునంటుంది. అందుకని ముందే ఫాతిహా చదివించి కట్టేయాలి. ఫాతిహా చదివితే పిల్ల మాటిచ్చిన పిల్ల. ఇక ఎవరూ గుమ్మం తొక్కరు.

చిక్కల్లా ఒక్కటే. అక్క బతికుండగా చెల్లెల్ని అదే మగాడికి ఇవ్వడానికి లేదు. మతమే గీసిన గీత అది. అక్క మొగుడితో ఫాతిహా అంటే, విన్నవాళ్ళకి వీళ్ళు దేనికోసం కాచుకున్నారో తెలిసిపోతుంది. అప్పుడే మమ్దూహ్ పుట్టాడు. పెళ్ళికొడుకు కువైట్‌లో ఉన్నాడు, అతని తరఫున రిఫాత్ చదువుతాడన్నారు. పిల్లకి పెద్దదిక్కైన మామయ్య శుక్రీకి విషయం తెలుసు. ఇన్సాఫ్ చూస్తుండగానే రిఫాత్, శుక్రీ చేతిలో చెయ్యి వేసి, పైకి స్నేహితుడి కోసం, నిజానికి తన కోసమే చదివాడు.

"మరి నేను?" అంది సుహైర్.

"నీకేం? బంగారంలాంటి పిల్లవి. మళ్ళీ వస్తాయి సంబంధాలు."

"ఆ మాస్టారు వస్తాడా? ఆయన భార్యకి ఇప్పుడు నెలలు నిండాయి."

"మెల్లగా."

"ఏడాదిగా మెల్లగానే మాట్లాడుతున్నానమ్మా. వద్దన్నాను. నా కాళ్ళు పట్టుకున్నావు. ఆ పిల్లల మొహాలు చూడమన్నావు. చూశాను. నాకు మొగుడు ఎవరో చూపించి, మనసులో పెట్టుకో, నోట్లో పెట్టుకోకు అన్నావు. అలాగే పెట్టుకున్నాను. ఇప్పుడు తీసెయ్యమంటే ఎలా తియ్యాలో కూడా నువ్వే చెప్పు. రిఫాత్‌కి చెప్పావా తీసెయ్యమని?"

ఆ వట్టి పేరు తఫీదా చెవిలో గుచ్చుకుంది. ఆ పిల్ల రిఫాత్‌ని పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ "అన్నా" అనే పిలిచేది. ఎప్పుడు మానేసిందో ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం భోజనానికి నలుగురూ కూర్చున్నారు. పిల్లలు ఇంకా బడి నుంచి రాలేదు. ఇన్సాఫ్ బాతు తొడ విరిచి, రొట్టెలో పెట్టుకుని, చాలాకాలం తర్వాత ఆకలితో తింది. తింటూనే ఏర్పాట్లు చెప్పుకుపోయింది. రేపు పొద్దున్నే టెలిఫోన్ ఆఫీసుకి వెళ్ళి కువైట్‌కి కాల్ బుక్ చేయాలి. రిఫాత్ నంబరు ఇస్తే తనే మాట్లాడుతుంది. అక్కలాంటి మనిషి మందలిస్తే మగపిల్లవాడు వినక చస్తాడా?

రిఫాత్ నంబరు కార్ఖానాలో ఉందన్నాడు. పంపించి తెప్పించమంది. ఆ నంబరు మారిందేమో అన్నాడు. కంపెనీ పేరు చెబితే చాలు, ఆఫీసువాళ్ళే కనుక్కుంటారంది. కంపెనీ కూడా మారాడేమో అన్నాడు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్న మొగుణ్ణి చూసి ఇన్సాఫ్‌కి నవ్వొచ్చింది.

"నీకు స్నేహితుడు, వాడి తరఫున ఫాతిహా చదివింది నువ్వు. వాడెక్కడున్నాడో నీకే తెలియకపోతే రేపు మన పిల్లని ఎవడి చేతిలో పెడతాం?"

తఫీదా అందుకుంది. అసలు ఆ అబ్బాయి సంగతి తను కూడా ఏదో విన్నదట, అక్కడే ఒక సిరియా పిల్లని...

"అక్కా," అంది సుహైర్. చేతిలో ఉన్న అన్నం పళ్ళెం బల్ల మీద పెట్టింది. "కువైట్‌లో ఎవరూ లేరు."

ఇన్సాఫ్ రొట్టె ముక్క పట్టుకునే ఆగిపోయింది. "పోయాడా?"

"పుట్టనేలేదు."

తఫీదా చిన్నకూతురి మోచెయ్యి పట్టుకుంది, సుహైర్ విడిపించుకుంది. దాచడం తన వల్ల కాదంది, పొద్దున డాక్టరు చెప్పినప్పుడే ఇదీ తేలిపోవలసిందంది. కళ్ళు మాత్రం బల్ల మీదనుంచి ఎత్తలేదు.

"మరి ఆ రోజు రిఫాత్ ఎవరి తరఫున చదివాడు?"

"ఎవరి తరఫునా కాదు."

ఇన్సాఫ్‌కి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కాలేయం సంగతి ఒక్క మాటతో తెలిసిపోయింది గాని ఇది అలా కాదు. మొగుణ్ణి చూసింది, చెల్లెల్ని చూసింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్క మగాడి కింద ఉండకూడదు కదా, మరెలా చదివారు అనుకుంది. అలా అనుకున్న తర్వాత మిగతాది దానంతటదే తెలిసింది. ముందు తను పోవాలి. వాళ్ళు లెక్కలోకి తీసుకున్నది అదే.

"షర్బత్ నేనే కలిపాను," అంది మెల్లగా. "మంచం మీంచి లేచి వచ్చి కలిపాను. తీపి చాలలేదని మళ్ళీ చక్కెర వేశాను."

"ఇన్సాఫ్," అన్నాడు రిఫాత్.

"జఘారీత్ కూడా నాదే పెద్దది. పక్క నొప్పి పుట్టేదాకా పెట్టాను. దాని మంచానికి గులాబీలు చెక్కమని నీకు చెప్పింది నేను. దుప్పట్లకి అంచు కుట్టింది నేను. కళ్ళు తిరుగుతుంటే అమ్మ పక్కన కూర్చుని దారం ఎక్కించి ఇచ్చింది. ఎవరి దుప్పట్లో తెలిసే ఎక్కించిందిగా."

తఫీదా ఏడుపు మొదలుపెట్టింది. అంతా నీ పిల్లల కోసమేనంది. పరాయిది వచ్చి వాళ్ళని రాచి రంపాన పెడితే సమాధిలో నీకు నిద్రపట్టేదా అని అడిగింది. ఆ కన్నీళ్ళు దొంగ కన్నీళ్ళు కావు. అదే ఈ ఇంట్లో కష్టం. ఇక్కడ ఎవరూ చెడ్డవాళ్ళు కారు.

"నాకు చెప్పి ఉంటే నేనే ఇచ్చేదాన్నమ్మా," అంది ఇన్సాఫ్. "దాని చెయ్యి పట్టి ఈయన చేతిలో నేనే పెట్టేదాన్ని. నా పిల్లలకి దానికన్నా మంచి తల్లిని ఎక్కడ వెతుకుతాను? చావు నాది. పిల్లలు నా పిల్లలు. మొగుడు నా మొగుడు. ఇన్నిట్లో ఒక్కదాని గురించైనా నన్నడిగారా? నేను పోకముందే నన్ను తీసి పక్కన పెట్టి, నా చేతే విందు చేయించారు."

"ఇప్పుడేం మించిపోయింది?" తఫీదా ముక్కు తుడుచుకుంది. "ఫాతిహాయే కదా, నిఖా కాదు కదా. శుక్రీని పిలిచి మాట వెనక్కి తీసేసుకుందాం. దేవుడే నిన్ను తిరిగి ఇచ్చాక ఆ మాటతో పనేముంది?"

"పిలు. రేపే పిలు." ఇన్సాఫ్ చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వు వదిలేస్తావు కదా?"

సుహైర్ పళ్ళెం అంచున పడిన మెతుకుల్ని వేలితో ఒకచోటికి చేర్చింది.

"కట్టేటప్పుడు నన్నెవరూ అడగలేదక్కా. విప్పేటప్పుడు నన్నెందుకు అడుగుతావు? ఆయన్నడుగు."

చిన్నప్పుడు తన కొంగు పట్టుకుని బజారంతా తిరిగిన పిల్ల. జ్వరంలో తన నుదుటి మీద తడిగుడ్డ మార్చిన చెయ్యి అదే. ఆ చేత్తోనే తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందా అని ఇన్సాఫ్‌కి అనిపించింది. అనిపించినందుకు బాధేసింది, అయినా ఆ ఊహ పోలేదు. కోపం వస్తే బాగుండేది. రాలేదు.

మొగుడి వైపు తిరిగింది.

"సరే, నువ్వు చెప్పు. నేను పోతాననుకుని మాటిచ్చావు. పోలేదు. శుక్రీ మామయ్య ముందు ఆ మాట తీసేస్తావు కదా."

ఒక్క "ఊఁ" చాలు. తలూపినా చాలు. ఇన్సాఫ్ అంతకన్నా ఏమీ అడగలేదు. ఆ ఒక్కటీ వచ్చి ఉంటే, అబద్ధాలన్నిటినీ ఆ బల్ల మీదనే వదిలేసి లేచి, పిల్లలకి ఎదురువెళ్ళేది. నేనామెని ఎరుగుదును గనక చెబుతున్నాను.

రిఫాత్ దుర్మార్గుడు కాడు. జ్వరం రోజుల్లో ఆమెని చేతుల మీద ఎత్తుకుని తిప్పినవాడు. కార్ఖానాలో తలుపులు మూసుకుని ఆమె కోసం ఏడ్చినవాడు. కానీ అప్పుడే ఆమెని మనసులో పాతిపెట్టి, మన్ను కప్పి, చేతులు కడుక్కున్నాడు. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఇంటికొస్తే తలుపు తీసిందీ, అన్నం పెట్టిందీ సుహైరే. ఒకసారి పాతిపెట్టిన మనిషిని మళ్ళీ పక్కన కూర్చోబెట్టుకోవడం అందరికీ చేతకాదు.

"నాకు కొంచెం టైం ఇవ్వు, ఇన్సాఫ్," అన్నాడు.

తఫీదా ఏడుపు ఆపేసింది. అల్లుడి నోటి నుంచి ఆ మాట వస్తుందని ఆవిడ వేసిన లెక్కల్లో ఎక్కడా లేదు.

"ఎంత?" అంది ఇన్సాఫ్. "డాక్టరు నాకిచ్చినంతా?"

అంతసేపూ తల వంచుకుని ఉన్న సుహైర్ అప్పుడు తలెత్తింది. తల్లిని చూడలేదు, అక్కని చూడలేదు. రిఫాత్‌నే చూసింది. ఆ మొహంలో భయం ఉందేమోనని ఇన్సాఫ్ వెతికింది. అక్కడ ఉన్నది ఆశ.

అతను ఏమంటాడోనని అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎదురుచూస్తున్నారు.